పొగగొట్టం ఎందుకు వంగింది

మేడమీది గది,
ఆదివారం, మొదటి టీకీ రెండో టీకీ మధ్య

గోరింకా,

ముందు ఒక సవరణ. నీ ఫోటోలు బాగున్నాయని నేనన్నట్టు మీ అమ్మకి రాశావట. నేను ఆ మాట అనలేదు. శుభ్రంగా ఉన్నాయన్నాను. రెంటికీ తేడా ఉంది. సర్వే వాళ్ళ డ్రాయింగు ఆఫీసులో నక్షాలు గీసే రోజుల్లో నా పనిని కూడా శుభ్రంగా ఉందనేవాళ్ళు. అప్పట్లో పొంగిపోయేదాన్ని. ఇప్పుడా మాట నాకు పొగడ్తలా వినిపించదు. నువ్వు మాత్రం పొగడ్తగా తీసుకున్నావు కాబట్టి వెనక్కి తీసుకోను, ఉంచుకో.

తొమ్మిదో నెల ప్రింటు అందింది. తక్కిన ఎనిమిదింటి పక్కన కిటికీ గట్టు మీద వరసగా నిలబెట్టాను. మీ అమ్మ పైకి వచ్చి, "అన్నీ ఒకటేగా అమ్మా, ఒకటి చాలదూ?" అంది. నీ పక్షాన పోట్లాడాను. "అది నెలకోసారి ఒకే చోట నిలబడి ఒకే కొండని చూస్తోంది. నువ్వు పాతికేళ్ళుగా రోజూ ఒకే మొగుణ్ణి చూస్తున్నావు. అన్ని రోజులూ ఒకటేనా?" అన్నాను. నిలబడి కాసేపు ఆలోచించి, "ఒకటే" అని కిందికి వెళ్ళిపోయింది.

ప్రదర్శన వాళ్ళు అడిగిన ఆ ఒక్క పేజీ, 'ఈ ఏడాది నా పని' అన్నది, చిత్తుప్రతి చదివాను. "ఎదురుచూడటమే నా పనిలో సగం" అన్న వాక్యం ఉంచు. "ఈ కొండ నాకు కదలకుండా ఉండటం నేర్పింది" అన్నది కొట్టెయ్. కొండలకి పంతులుద్యోగాలు అంటగట్టకు.

ఇక అసలు సంగతి. భూతద్దం పెట్టి చూశాను. నువ్వు బడి మేడ మీద నిలబడి తీస్తావు కదా, నీకు ఎడమపక్క కొండవాలు, దాని మీద నీళ్ళ ట్యాంకు దాకా ఎక్కే ఏడు కరెంటు స్తంభాలు, అడుగున మీ తొమ్మిది ఇళ్ళ వరస. కుడిపక్క చదును నేల మీద మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ పొగగొట్టం. వెనకాల సముద్రం. అన్నీ మొదటి ఫోటోలో ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. ఒక్క పొగగొట్టం తప్ప. మొదటి నెలలో సిపాయిలా నిలబడ్డది తొమ్మిదో నెలకి తాగి ఇంటికెళ్ళేవాడిలా కుడివైపుకి తూలుతోంది. స్తంభాలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

పొగగొట్టం ఎందుకు వంగింది?

భూతద్దంతో సహా,
అమ్మమ్మ


కొండకింది వరస, నాలుగో ఇల్లు,
శుక్రవారం

అమ్మమ్మా,

ఎదురుచూడటం నా పనిలో సగం అన్నాను కదా, ఆ సగంలో సగం నీ నోట "బాగుంది" అన్న మాట కోసం. పోనీలే, ఇంకా మూడు నెలలుంది.

పొగగొట్టం వంగలేదు. నేనే వంచాను. కెమెరా ముక్కు కొంచెం పైకెత్తితే నిటారుగా ఉన్నవన్నీ లోపలికి వాలినట్టు పడతాయి. స్తంభాలు వాలి ఉంటే చూసేవాళ్ళ కన్ను కొండ మీద నిలవదు, వాటి దగ్గరే తచ్చాడుతుంది. అందుకని డార్క్‌రూములో ప్రింటు వేసేటప్పుడు, కాగితం పరిచే బల్ల కింద ఒక పక్క అట్టముక్కలు పెట్టి ఎత్తుతాను. బల్ల వాలితే స్తంభాలు నిలబడతాయి. కాకపోతే ఆ వాలుకి కుడిపక్కనున్నవి కాస్త అటు ఒరుగుతాయి. దుప్పటి ఒకపక్కకి లాక్కుంటే రెండో పక్క చలేసినట్టు. నా మట్టుకు నాకు స్తంభాలే ముఖ్యం, పొగగొట్టాన్ని ఎవరు చూస్తారులే అనుకున్నాను. భూతద్దం పెట్టుకుని నువ్వు కూర్చున్నావన్నది మరిచిపోయాను.

మొదట్లో ఒక్క అట్టముక్క సరిపోయేది. ఇప్పుడు ఏడు పెట్టాల్సొస్తోంది. కెమెరా స్టాండు కాలు అరిగిందో, లెన్సు వదులైందో తెలియదు. స్టాండు మూడు కాళ్ళూ ఎక్కడ పెట్టాలో మేడ మీద ఎర్ర రంగుతో చుక్కలు పెట్టుకున్నాను, ఆ చుక్కలు మాత్రం జరగలేదు. స్టాండు మార్చాలి.

ఏడాది గురించి రాయడం కష్టంగా ఉంది అమ్మమ్మా. మొదటి నెల అరవై తీశాను, యాభైతొమ్మిది పారేశాను. రెండో నెల పొగమంచు, పది రోజులు ఉత్త చేతులతో మేడ దిగాను. నాలుగో నెలకి తెలిసింది, పొద్దున ఏడూ నలభైకి ట్యాంకు మీద పడ్డ ఎండ మెట్టుమెట్టుగా కొండ దిగి మా వరస కప్పుల దాకా రావడానికి పదకొండు నిమిషాలు పడుతుందని. ఆ పదకొండు నిమిషాల కోసమే మిగతా నెలంతా బతుకుతున్నట్టుంటుంది. దీన్ని పనంటారా అని మా ఇంటావిడ అడుగుతుంది. ఆవిడ ఈ ఇంట్లోనే ముందు గదిలో బట్టలు కుడుతుంది, వెనక గది నాది. "నేను పొద్దుట్నించి మూడు జాకెట్లు కుట్టాను. నువ్వేం చేశావు?" "ఎండ కోసం చూశాను." "వచ్చిందా?" "మబ్బేసింది." "మాట్లాడకుండా ఈ గుండీలు కుట్టు."

తలుపులు కూడా మా మాట వినడం లేదు. నా గది తలుపు పట్టేస్తోందని, తేమకి ఉబ్బిందని ఇంటావిడ వడ్రంగిని పిలిచి చెక్కించింది. రెండు నెలల్లో రెండుసార్లు. ఇంకోసారి చెక్కిస్తే తలుపు పోయి గడకర్ర మిగులుతుంది.

కొండ నేర్పింది అన్న వాక్యం నాకిష్టం. ఉంచుతాను.

నీ గోరింక


మేడమీది గది,
సోమవారం

అమ్మా గోరింకా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. టీ చల్లారిపోయింది, తాగలేదు.

నీ స్టాండు అరగలేదు. స్టాండే అరిగితే స్తంభాలతో పాటు పొగగొట్టం కూడా ఒరగాలి. అట్టముక్కలన్నీ తీసేసి చూడు, పొగగొట్టం నిటారుగా ఉంటుంది, స్తంభాలు ఒరిగి ఉంటాయి. నీ కెమెరాకి ఏమీ కాలేదు. ఆ స్తంభాల కింద నేల జరుగుతోంది. నువ్వు నెలనెలా దాన్ని నిలబెట్టి నాకు పంపిస్తున్నావు.

తేమకి తలుపు ఉబ్బడమేమిటి? రెండు నెలలుగా ఎండలు మండిపోతున్నాయని నువ్వే రాశావు. ఎండలో తలుపు ఉబ్బదు. గుమ్మం నలిగితే తలుపు పట్టేస్తుంది.

ఏ నెల ఎన్ని అట్టముక్కలు పెట్టావో రాసి పంపు. అంచనాలు వద్దు, నా మనవరాలివి, ఎక్కడో రాసుకునే ఉంటావు. నీ గది గోడ ఎక్కడైనా పగిలిందా? "లేదు" అని రాసేముందు గోడకి వేలాడుతున్నవన్నీ తీసి చూడు.

పార్సిలులో చిన్న పొట్లం వస్తుంది. దారానికి కట్టిన ఇత్తడి గుండు, నా ఆఫీసు రోజులది. కొండవైపు గోడకి పైన మేకు కొట్టి వేలాడదీయి. ఊగడం ఆగాక గుండు మొన ఎక్కడ ఉందో గోడ మీద పెన్సిలుతో చుక్క పెట్టి తేదీ వెయ్యి. పగులుంటే దాని మీద అడ్డంగా పల్చటి అద్దం ముక్క రెండు కొసలా గట్టిగా అతికించు. కాగితం సాగుతుంది, గుడ్డ సాగుతుంది, అద్దం సాగదు. పగులు వెంట్రుకంత పెరిగినా పుటుక్కుమంటుంది.

ఫోను చెయ్యను. ఫోనులో నాకు సగమే వినబడుతుంది, మిగతా సగం మీ అమ్మ వింటుంది.

ఆ గదిలో పడుకోకు. బడి వాచ్‌మన్‌ని అడిగితే వరండాలో చోటివ్వడా?

అమ్మమ్మ


నాలుగో ఇల్లు,
శనివారం

అమ్మమ్మా,

కోపం తెచ్చుకోకు, నాకే కొంచెం కోపంగా ఉంది.

నువ్వడిగిన అంకెలు, నెలల వరసలో: ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఏడు. అవును, రాసుకున్నాను.

నీ మాట తీసెయ్యలేక ఊరి ఇంజినీరు దగ్గరికి వెళ్ళాను. ఆయన వచ్చాడు. జీపు దిగకుండా రోడ్డు మీంచే కొండకేసి చూసి, "ఆ స్తంభాలు పాతినప్పుడే వంకరండీ. పాతినవాడు మా బావమరిది, వాడి పని నాకు తెలియదూ?" అన్నాడు. ఇంటావిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

గోడ సంగతి. పగులుంది. కేలండరు వెనక, కిటికీ మూల నించి నా భుజం ఎత్తు దాకా. మూడు నెలల కిందట దారమంత ఉండేది, ఇప్పుడు వేలి గోరు దూరుతుంది. పాత ఇల్లు, పగుళ్ళుండవా అనుకుని కేలండరు కాస్త పక్కకి జరిపి తగిలించాను. నువ్వు అడక్కపోతే చెప్పేదాన్ని కాదు. అద్దం అతికించాను. రెండు రోజులైంది, విరగలేదు. గుండు కూడా చుక్క మీదే బుద్ధిగా వేలాడుతోంది.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? ఇంకా మూడు ఫోటోలుంటే, ఏడాది పని నట్టేట వదిలేసి రమ్మంటావా? తొమ్మిది ఇళ్ళకీ వెళ్ళి, "మా అమ్మమ్మ ఎక్కడో కూర్చుని భూతద్దంలో చూసింది, మీ కొండ కదులుతోందట, ఇళ్ళు ఖాళీ చెయ్యండి" అని చెప్పనా? పిచ్చాసుపత్రి మా వీధి నించి దగ్గరే.

నువ్వు భయపడగా నేనెప్పుడూ చూడలేదు. మేడ మీది బల్లికి పేరు పెట్టి పిలిచే మనిషివి నువ్వు. నాకొచ్చిన ఈ ఉత్తరం నీది కాదేమో అని దస్తూరీ రెండుసార్లు చూసుకున్నాను. గుండ్రటి అక్షరాలు వంకరపోయాయి. అమ్మమ్మా, నాకు చెప్పనిది ఏమైనా ఉందా?

నీ గోరింక


మేడమీది గది,
మంగళవారం

గోరింకా,

ఉంది. యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మీ తాతయ్యకి చెబుదామనుకుంటూ ఉండగానే ఆయన వెళ్ళిపోయాడు.

నేను ఉద్యోగంలో ఉన్న నాలుగో ఏడు. కొండ అంచున రోడ్డు వేస్తున్నారు. సర్వే వాళ్ళు ఒక రాయి దగ్గర మొదలుపెట్టి, కొండ చుట్టూ రాయి నించి రాయికి కొలుచుకుంటూ వచ్చి, మళ్ళీ మొదటి రాయి దగ్గరే ఆగాలి. కాగితం మీద మొదలూ చివరా కలవాలి. కలవలేదు. జానెడు తేడా వచ్చింది. ఆరు వారాలాగి మళ్ళీ కొలిచారు. తేడా రెండు జానలైంది. మా పెద్దాయన నన్ను పిలిచి, "కొలిచేవాళ్ళ చెయ్యి వణికిందమ్మా. ఆ తేడాని అన్ని రాళ్ళకీ తలా కాస్త పంచేసెయ్" అన్నాడు. అలా పంచడం మా పనిలో మామూలే, చిన్న తేడాలకి అందరూ చేసేదే. కానీ తేడా ఎందుకు పెరిగిందన్న ప్రశ్న నా నాలిక చివరిదాకా వచ్చింది. నేను ఆ ఆఫీసులో ఒక్కత్తినే ఆడదాన్ని. తెలివితక్కువ ప్రశ్న అంటారేమోనని మింగేశాను. పంచాను. ఎక్కడా అతుకు కనిపించకుండా పంచాను. పెద్దాయన నక్షాని కిటికీ వెలుగులో పట్టుకుని, "ఇంత శుభ్రమైన పని ఈ ఆఫీసులో చూడలేదు" అన్నాడు.

ఆ నక్షాలో వాలు కింద చిన్న చదరం ఉంది. కూలీల షెడ్డు. దాన్ని గీసిందీ నేనే, నల్ల సిరాతో.

ఏడాది తిరక్కుండా కొండ దాని మీదికి దిగింది. పద్నాలుగు మంది.

నన్నెవరూ ఏమీ అనలేదు. విచారణకొచ్చినవాళ్ళు నా నక్షా పరిచి చూసి, ఇందులో తప్పేమీ కనబడటం లేదన్నారు. ఎలా కనబడుతుంది? ఉన్న తప్పంతా నేను పంచేశానుగా.

మీ అమ్మ పుట్టిందని ఉద్యోగం మానేశానని ఇంట్లో చెప్పుకుంటారు. మీ అమ్మ పుట్టడం నిజం. మానేసింది అందుకు కాదు.

ఇప్పుడు నీ అంకెలు మళ్ళీ చదువు. ఒకటి దగ్గర మూడు నెలలు నిలబడింది. రెండు దగ్గర రెండు నెలలు. ఆ తర్వాత ఏ నెలా ఆగలేదు, చివరి నెల ఒకేసారి రెండు మెట్లు దిగింది. పదో నెలకి ఎన్ని అట్టలు కావాలి? పన్నెండో నెలకి? అవి నీ చేతి అంకెలే, నేను కలిపిందేమీ లేదు. వానలింకా మొదలుకాలేదు. రోజూ పొద్దున లేవగానే కిటికీలోంచి మబ్బుల కేసి చూస్తున్నాను, అక్కడికీ ఇక్కడికీ ఒకే మబ్బయినట్టు. నాకు అన్నం సయించడం లేదు. మీ అమ్మ ఎండ దెబ్బ అనుకుంటోంది.

నా మాట మీద ఎవరూ ఇల్లు వదలరు, నాకు తెలుసు. వాళ్ళకి నా మాట చెప్పకు. నీ మాటా చెప్పకు. తొమ్మిది ఫోటోలూ అట్టముక్కలు లేకుండా మళ్ళీ ప్రింటు వెయ్యి. ఇంటావిడ కుట్టు గదిలో, అందరూ వచ్చి కూర్చునే గోడకి, వరసగా గుచ్చు. తేదీలు వెయ్యి. కింద ఒక్క ముక్క రాయకు. కళ్ళున్నవాళ్ళకి అంతకన్నా అక్కర్లేదు. ఆ ఇంజినీరుని పిలిచి ఆ గోడకి ఎదురుగా కుర్చీ వెయ్యి. జీపులోంచి చూసినంత వీలుగా ఉండదు, పాపం.

నువ్వు మాత్రం గది ఖాళీ చెయ్యి. బతిమాలుతున్నాను. ఈ మాట నేను రాయడం ఇదే మొదలు, అలవాటు చెయ్యకు.

అమ్మమ్మ


బడి వరండా,
బుధవారం

అమ్మమ్మా,

అద్దం విరిగింది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, మధ్యాహ్నం మూడింటికి. నేను గదిలోనే ఉన్నాను, అట్టల్లేకుండా వేసిన ప్రింట్లు ఆరబెడుతున్నాను. గ్లాసు అంచుకి చెంచా తగిలినట్టు చిన్న చప్పుడు, అంతే. తిరిగి చూస్తే కేలండరు వెనక రెండు ముక్కలు. గుండు కేసి చూశాను. మొన చుక్కకి వేలెడు దూరంలో ఉంది. గుండు జరగదు కదా అమ్మమ్మా, చుక్కే జరిగింది. గోడే జరిగింది.

తడి ప్రింట్లే తీసుకెళ్ళి కుట్టు గది గోడకి గుచ్చాను. ఇంటావిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని మొదటి దాన్నించి చివరిదాకా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, "ఇదేమిటే, మన స్తంభాలు ఇలా తల వంచుకున్నాయి, దొంగతనం చేసినట్టు?" అంది. మెడలో టేపు తీసి ఫోటో మీదే కొలిచింది. తర్వాత వీధిలోకి వెళ్ళి పేరుపేరునా కేకేసింది. గంటలో తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఎవరూ నన్నేమీ అడగలేదు. రెండో ఇంటి తాత, "మా మెట్టు అందుకే విరిగిందన్నమాట" అన్నాడు. ఏడో ఇంటావిడ, "మా కుళాయి గొట్టం" అంది. ఎవరింట్లో వాళ్ళు దాచుకున్న కేలండర్లన్నీ బయటికొచ్చాయి.

ఇంజినీరుకి కుర్చీ వేశాం. చాలాసేపు కూర్చున్నాడు. బావమరిది మాటెత్తలేదు. "ఆఖరుది ఎప్పుడు తీశారు?" అన్నాడు. "ఇరవై ఆరు రోజులైంది." "అయితే ఇప్పుడు..." అని ఆగిపోయి లేచి వెళ్ళి బడి తాళాలు తెచ్చాడు.

మూడు తరగతి గదుల్లో తొమ్మిది కుటుంబాలం. నిన్నటి నించి వాన. మేడ మీద నా ఎర్ర చుక్కల మధ్య నిలబడి అవతలి కొండ కేసి చూస్తూ ఉంటాను. తొమ్మిది నెలలు ఆ కొండని చూశాననుకున్నాను. నేను చూసింది దాని మీద పడే వెలుగుని. కొండని నువ్వు చూశావు, కిటికీ గట్టు మీద.

నాకు భయంగా ఉంది అమ్మమ్మా. రాయడానికి సిగ్గుపడటం లేదు. ఇంటావిడ తన మిషను కోసం వెళ్తానని గోల. నా నెగెటివ్ల పెట్టె కూడా అక్కడే ఉండిపోయింది, హడావిడిలో గుండు జేబులో వేసుకుని పెట్టె మరిచిపోయాను. ఏడాది పనంతా అందులోనే ఉంది. రేపు పొద్దున వాన తెరిపివ్వగానే ఇద్దరం వెళ్ళి ఐదు నిమిషాల్లో తెచ్చేసుకుంటాం.

గోరింక


మేడమీది గది,
శనివారం

వెళ్ళకు.

ఇది రాసి కలం పట్టుకుని కూర్చున్నాను. నీ ఉత్తరం అందడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు రాసిన 'రేపు' గడిచిపోయి రెండు రోజులైంది. వెళ్ళకు అని ఎవరికి రాస్తున్నాను?

ఫోను చేశాను. అవును, నేనే, కిందికి దిగి. మోగడం లేదు. మీ అమ్మ బడికి చేసింది, ఇంజినీరు ఆఫీసుకి చేసింది. ఎక్కడా మోగడం లేదు. వానకి తీగలు తెగి ఉంటాయంటుంది. తీగలు స్తంభాల మీదే కదా ఉంటాయి అన్నాను. అప్పుడు మీ అమ్మకి అంతా చెప్పాల్సొచ్చింది. ఆ పద్నాలుగు మంది సంగతి కూడా. మెట్ల మీద కూర్చుని వింది. అదీ నేనూ ఒకే చోట గంటసేపు మాట్లాడకుండా ఉండటం ఇదే మొదలు.

తొమ్మిదో ఫోటోలో నాలుగో ఇంటి గుమ్మం భూతద్దంలో మెంతిగింజంత ఉంది. ఎన్నిసార్లు చూస్తానో. గుమ్మంలో ఎవరూ లేరు.

ఈ ఉత్తరం అందితే చాలు, జవాబు పొడుగ్గా రాయక్కర్లేదు. నీ చేతి అక్షరం ఒక్కటి పంపు.

అమ్మమ్మ


బడి వరండా,
గురువారం

అమ్మమ్మా,

ఇదిగో నా చేతి అక్షరం. బతికే ఉన్నాను. అందరం. రోడ్డు తెగిపోయింది, పోస్టు ఇవాళే మళ్ళీ మొదలైంది.

ఆ పొద్దున వెళ్ళాం, ఇద్దరం. నీకు అబద్ధం చెప్పను. ఇంటావిడ ముందు గది తలుపు తీసింది, నేను వెనక్కి వెళ్ళాను. నా గది తలుపు రాలేదు. రెండుసార్లు చెక్కించిన తలుపు, గోడలో కలిసిపోయినట్టు బిగుసుకుంది. భుజంతో గుద్దాను, కాలితో తన్నాను. పెట్టె అవతల మూడడుగుల్లో ఉంది. కిటికీ ఊచల గుండా కనిపిస్తోంది కూడా. అప్పుడు కొండ మీంచి తీగలు మీటినట్టు మోత వచ్చింది. స్తంభాల మధ్య తీగలు బిగుసుకుని పాడుతున్నాయి. ఇంటావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రావే."

"ఒక్క నిమిషం, పెట్టె..."

"బొమ్మల కోసం చస్తావా?"

"మరి మీ మిషను?"

"మిషను పోయిందనుకుంటే పోయింది. నడువ్!"

చెయ్యి విరిగిపోయేలా లాక్కుపోయింది. బడి గేటు దాటాం. పదికి పావు తక్కువ. వెనక నించి వచ్చిన చప్పుడు ఎలా ఉందో రాయలేను. లారీలోంచి కంకర పోసినట్టు మొదలై, ఆగలేదు. రెండో ఇంటి నించి ఆరో ఇంటి దాకా ఇప్పుడు మట్టి. ట్యాంకు వరస మధ్యలో కూర్చుంది. ఇంజినీరు మూడుసార్లు తలలు లెక్కపెట్టాడు. లెక్కపెట్టిన ప్రతిసారీ సరిపోతే కూర్చుని ఏడ్చాడు.

స్టాండు మేడ మీదే ఉంది. ఆ క్షణాన తీయలేదు. రెండు గంటల తర్వాత ఒక్కటి తీశాను. చుక్కలు చూసుకోలేదు. అది ఇందులో పెడుతున్నాను, ఇంజినీరు ఆఫీసు స్నానాల గదిలో ప్రింటు వేసింది. కింద ఏమీ పెట్టలేదు.

నెగెటివ్లు పోయాయి. గోడకి గుచ్చినవి పోయాయి. ఏడాది మొత్తంలో మిగిలినవి నీ కిటికీ గట్టు మీద ఉన్న తొమ్మిదే. అంటే నేను అట్టలు పెట్టి నిలబెట్టినవే, అబద్ధాలు. ప్రదర్శన వాళ్ళు అవే పంపమంటున్నారు. నువ్వు వాటి మీద పెన్సిలు గీతలు గీశావని అమ్మ ఉత్తరం రాసింది. చెరిపి పంపుతావా? ఆ పేజీ రాయడం నా వల్ల కావడం లేదు. కొండ నాకేదో నేర్పిందన్న వాక్యం కొట్టేశాను. దాని స్థానంలో ఏం రాయాలో తెలియడం లేదు.

గోరింక


మేడమీది గది,
ఆదివారం

గోరింకా,

నీ ఉత్తరం మీ అమ్మ చదివింది, గట్టిగా. నాకు వినబడదని కాదు, కవరు విప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తర్వాత ఇద్దరం నిన్ను అరగంట తిట్టాం. చాలా కాలానికి ఒక విషయం మీద ఏకాభిప్రాయం కుదిరింది. ఐదు నిమిషాలట! మీ ఇంటావిడ చేతికి నా దండం. ఆవిడకి మిషను నేను పంపుతున్నాను, నాది. మేడ మీద ఊరికే కూర్చుంది నాలాగే. కాలు తొక్కేది కొంచెం కీచుమంటుంది, నూనె వెయ్యమను.

గీతలు చెరపను. చెరిపితే ఆ ఫోటోలు మళ్ళీ శుభ్రమైపోతాయి. నువ్వు పంపిన లెక్క పట్టి, ఏ నెల ఆ స్తంభాలు నిజంగా ఎటు వాలి ఉంటాయో ప్రతి ప్రింటు మీదా పెన్సిలుతో గీశాను. నువ్వు నిలబెట్టిన స్తంభం పక్కనే నేను గీసిన స్తంభం. మొదటి నెల రెండూ ఒకటే. తొమ్మిదో నెలకి మధ్యలో చిటికెన వేలు పడుతుంది. అలాగే గోడకెక్కించమను. వాళ్ళు ఒప్పుకోకపోతే నన్ను అడగమను, నేను మాట్లాడతాను, ఫోనులో సగం వినబడకపోవడం కొన్నిసార్లు మంచిదే.

ఆ పేజీకి నా మాట ఇది, నచ్చితే పెట్టుకో: "ఈ ఏడాది నెలనెలా ఒక కొండని నిలబెట్టాను. అది నిలబడలేదు. నిలబెట్టడానికి ఏ నెల ఎన్ని అట్టముక్కలు పట్టాయో ఫోటోల కింద రాశాను. పెన్సిలు గీతలు మా అమ్మమ్మవి." అంతకు మించి రాస్తే నరుకుతాను.

నీ వరసలోవాళ్ళు బతికారని నా పద్నాలుగు మందిలో ఒక్కరూ తగ్గరు. అలా తగ్గుతారని నువ్వు అనుకుంటావేమో, ఓదార్పుగా రాస్తావేమో, రాయకు. కాకపోతే నిన్న అన్నం తిన్నాను. భయం మాత్రం ఇంకా దిగలేదు, కుర్చీ కాలు కిర్రుమన్నా గోడకేసి చూస్తున్నాను. ఉండనీ. ఈ వయసులో కొత్తగా ఏదో ఒకటి అలవాటు కావాలిగా.

పదో ఫోటో చూశాను. వంకరగా ఉంది. సముద్రం ఒకపక్కకి ఒలికిపోయేలా ఉంది, పొగగొట్టం సగం తెగింది, కింద మూల నీ వేలో, ఇంకెవరిదో, పడింది. బాగుంది.

గుండు వెనక్కి పంపకు. నీకు కొత్త గది చూపించారట, ఊరి ఆ చివర, చదును నేల మీద. చదునైనా సరే. ఇంటివాళ్ళని అడిగి, సుత్తి కూడా వాళ్ళనే అడిగి, కొండవైపు గోడకి ఒక మేకు కొట్టు. గుండు వేలాడదీసి, ఊగడం పూర్తిగా ఆగేదాకా కూర్చో, ఎదురుచూడటం నీకు అలవాటేగా. మొన దగ్గర చుక్క పెట్టి తేదీ వెయ్యి. ఎదురుగా కేలండరు తగిలించకు. నెల తిరిగాక మొన చుక్క మీదే ఉందో లేదో ఒక కార్డు ముక్క రాసి పోస్టులో వెయ్యి. చుక్క సన్నగా పడాలి, ముందు పెన్సిలు చెక్కుకో.

అమ్మమ్మ